ఖాళీ బరువు

తిరువొత్తియూరు హైరోడ్డు మీద
తెల్లారేసరికే మైలు పొడుగు లారీల వరస.
కాటా గది రేకు కప్పు కింద
పాత డెస్క్‌టాప్, దాని నుదుట విబూది,
దాని ముందు అరుళ్‌మొళి.

"మధ్యాహ్నం దాటితే మొండికేస్తుంది" అంది తమిళంలో,
"ఆపి మళ్ళీ పెడితే మంచి బిడ్డే."

ఆపి పెట్టడం అంటే ఏముంది,
అలిగిన పిల్లాణ్ణి నిద్రపుచ్చడం.
లేచాక అలక మర్చిపోతాడు,
ఎందుకలిగాడో మనకి చెప్పకుండానే.

అందుకే ఇవాళ ఆపనివ్వలేదు.
టాస్క్ మేనేజర్ తెరిచి
స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ప్రాసెసర్ నాలుగు శాతం, పనిలేని మేస్త్రీ.
మెమరీ గీత చదును, మే నెల కూవంలా.
డిస్కు ఓసారి గురకపెట్టి ఊరుకుంది.
ఎవరి నాడి పట్టినా
"నాకేం, బానే ఉన్నా" అంటున్నారు.

రెండూ నలభైకి
ఎర్రంకెల కిటికీ తెల్లగా పాలిపోయింది.
కాటా మీద లారీ ఉంది,
తెర మీద బరువు లేదు.

మస్తానయ్య కిటికీలోంచి తల దూర్చాడు:
"ఏందమ్మా, కాటా నిద్ర పోతా ఉండాదా?
పొద్దుగూకేలోపల నాయుడుపేట చేరాల నేను."
నాడి ఇంకా బాగానే ఉంది. అదే నా బాధ.

అప్పుడు అరుళ్‌మొళి సొరుగు లాగింది.
రబ్బరు బ్యాండు వేసిన గీతల నోటుపుస్తకం.
ఆగిన ప్రతిసారీ తేదీ, టైము,
పక్కన చిన్న అంకె.
సోమవారం నాలుగూ పది. మంగళవారం రెండూ ముప్పై అయిదు.
తుపాను పడ్డ రెండు రోజులూ అసలాగలేదు.
టైములకి పొంతన లేదు.
చిన్న అంకెలు మాత్రం
రెండొందల నలభై తొమ్మిది, రెండొందల యాభై రెండు, రెండొందల యాభై...

"ఇదేంటి?"
"అప్పటికి తూచిన లారీలు."
"ఎప్పుడూ చెప్పలేదే?"
"ఎవరడిగారు?"

గడియారాన్ని చూస్తున్నాను ఇంతసేపూ,
అది లారీల్ని లెక్కపెడుతోంది.

పట్టిక తల మీద కుడి క్లిక్కు.
ఎన్నడూ టిక్కు పెట్టని గడి ఒకటి, అడుగున:
బొమ్మ గీసే సామాను ఎంత వాడారో చెప్పేది.
పదివేలు.
సరిగ్గా పదివేలు. అక్కడితో సరిహద్దు.

లారీ ఎక్కగానే కాటా కాసేపు ఊగుతుంది,
అంకె స్థిరపడేలోపు నలభైసార్లు మారుతుంది.
మారిన ప్రతిసారీ నా ప్రోగ్రాము
కొత్త కుంచె తెచ్చుకుంటుంది,
గీస్తుంది, పక్కన పడేస్తుంది,
తిరిగివ్వదు.
మస్తానయ్య మెట్టు దిగితే తగ్గిన డెబ్బై కిలోలు
గీయడానికి ఇంక కుంచె దొరకలేదు.

కోడ్ తెరిచాను. ఆరేళ్ళ కిందటిది, గిండీలో రాసింది.
పైన నా పొడి అక్షరాలే,
కింద నా వ్యాఖ్యే:
"తర్వాత విడుదల చెయ్యాలి."

నిండు లారీని తూచి లోపలికి పంపి,
దించుకున్నాక ఖాళీ లారీని మళ్ళీ తూస్తేనే
సరుకు లెక్క తేలేది.
ఆ సంగతి తెలిసిన ఊళ్ళో కూర్చుని
లోపలికి మాత్రమే రాసుకున్నాను.

ఒక్క వరస చేర్చాను. కంపైల్ అయ్యేలోపు
వేరుశెనగ సుండల్ పొట్లం ఒకటి ఖాళీ చేశాం.
మస్తానయ్య బరువు కాగితం చించుకుని
"ఇదేదో మొన్ననే చేసుంటే" అని గొణిగి గేరు వేశాడు.

అరవై ఒకటి. అరవై రెండు.
మళ్ళీ అరవై ఒకటి.
రేవు గాలి వేడిగా, ఉప్పగా వీస్తోంది.

అరుళ్‌మొళి ఓ నిమిషం ఆ అంకెని చూసింది.
తర్వాత నోటుపుస్తకం విప్పి
కొత్త పేజీ మీద రేపటి తేదీ వేసి
రబ్బరు బ్యాండు బిగించింది.

అది వద్దనలేదు నేను.